లంకలో ఒక పగలు

గత వార్షికోత్సవం నాడు మన కళాశాలకు ఒక పూర్వ విద్యార్థి అతిథిగా వచ్చాడు. అతడు నా చిన్ననాటి మిత్రుడు. వర్తక నౌకలలో చాలాకాలం ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నవాడు. పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున మెక్సికో దేశంలోని మంజానియో రేవులో తాను ఒక పగలు దిగి తిరిగిన సంగతి అతడు ఆనాడు సభలో చెప్పాడు. తెలియని భాష, తెలియని తిండి, బజారులో బేరాలు, సాయంకాలానికి ఓడ కూత వినబడగానే రేవుకు పరుగు. విద్యార్థులు చెవులప్పగించి విన్నారు. సభ ముగిసిన తరువాత వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థి ఒకడు నన్ను సమీపించి, "మాస్టారూ, మీరు ఎప్పుడైనా ఓడ ఎక్కి పరాయి రేవులో దిగారా?" అని అడిగాడు. లేదని నవ్వి ఊరుకున్నాను.

ఇంటికి వెళ్లి పడుకున్న తరువాత నేను చెప్పిన సమాధానం పూర్తిగా నిజం కాదని తోచింది. ఓడ కాకపోవచ్చు, సముద్రమూ కాకపోవచ్చు. కాని నేను కూడా ఒకసారి రాత్రంతా నీటి మీద ప్రయాణించి, తెల్లవారి ఒక గట్టున దిగి, ఒక్క పగలు గడిపి, పొద్దుగూకే వేళకు మళ్లీ పడవ ఎక్కాను. ఆ పగలు నాకు నేర్పినంత పాఠం ఏ తరగతి గదీ నేర్పలేదు. పత్రికా సంఘంవారు వ్యాసం కోరినప్పుడు ఆ విషయమే వ్రాయాలని నిశ్చయించుకున్నాను.

మా నాన్నగారు బట్టల వ్యాపారి. వ్యాపారి అనగానే ఏలూరు బజారులో అద్దాల బీరువాలు గల దుకాణం ఊహించుకోవద్దు. ఆయన దుకాణం ఆయన భుజం మీదనే ఉండేది. మంగళగిరి చీరలు, పెడన చీరలు, పంచెలు, తువ్వాళ్లు, పిల్లల గౌను గుడ్డలు ఒక పెద్ద దుప్పటిలో మూటకట్టుకొని కొల్లేటి లంక గ్రామాలకు వెళ్లి, అరువు మీద ఇచ్చి వచ్చేవారు. చేపల రాబడి ఉన్నప్పుడు కొంత, దాళ్వా వరి చేతికి వచ్చినప్పుడు కొంత బాకీ వసూలయ్యేది. మా బంధువులలో కొందరు ఏలూరు తివాచీలు నేసే మగ్గాల మీద పనిచేసేవారు. పారశీక దేశం నుండి వచ్చిన నేతగాళ్ల సంతతి అని చెప్పుకోవడానికి వారికి ఒక ఘనత ఉండేది. మాకు మాత్రం మూట తప్ప చెప్పుకోదగినదేమీ లేదని నేను ఆ రోజులలో బాధపడేవాడిని.

కొల్లేరును చూడని విద్యార్థుల కోసం రెండు మాటలు చెప్పాలి. గోదావరి, కృష్ణ అనే రెండు మహానదుల డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలైన ఏరులు తెచ్చిన నీరంతా ఇందులో చేరుతుంది. నిండిన నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి పోతుంది. ఈనాడు ఏలూరు జిల్లా అని పిలుస్తున్నది 2022లో ఏర్పడినది. నేను చెప్పే కాలంలో సరస్సు కొంత పశ్చిమగోదావరి జిల్లాలోను, కొంత కృష్ణా జిల్లాలోను ఉండేది. నీటి నడుమ కాస్త ఎత్తైన మెట్టల మీద వెలసిన గ్రామాలే లంకలు. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, కొక్కిరాయిలంక, ఆగడాలలంక వంటి పేర్లు మీరు వినే ఉంటారు. వానాకాలంలో ఏరులు పొంగితే ఆ ఊళ్లకు పడవే బండి, పడవే అంబులెన్సు, పడవే పెళ్లి పల్లకీ. నేను దిగిన లంక పేరు మాత్రం ఇక్కడ వ్రాయను. దానికి కారణం వ్యాసం ముగిసేసరికి మీకే తెలుస్తుంది.

నాన్నగారి వద్ద ఒక ఖాతా పుస్తకం ఉండేది. ఎర్ర గుడ్డ అట్ట, దారంతో కుట్టిన కాగితాలు. అందులో లెక్కలన్నీ ఉర్దూలో ఉండేవి. అంకెలు కూడా మనం వాడే అంకెలు కావు. పూర్వం నవాబుల కాలపు కచ్చేరీలలో లెక్కలు వ్రాయడానికి సియాఖ్ అనే పద్ధతి ఒకటి వాడేవారు. అరబ్బీ సంఖ్యాపదాలను కుదించి, గొలుసుకట్టుగా, గుర్తుల వలె వ్రాయడం ఆ పద్ధతి. అది తెలియనివాడికి చీమలు బారులు తీరినట్లు కనబడుతుంది. మా తాతగారి నుండి నాన్నగారు దానిని నేర్చుకున్నారు. నేను ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడినే గాని, చదువంతా తెలుగులో సాగినందువల్ల ఆ లిపి నాకు కూడబలుక్కుంటే తప్ప వచ్చేది కాదు. సియాఖ్ అసలే రాదు. నాన్నగారికి తెలుగు వ్రాయడం రాకనే ఆ పాత పద్ధతిని పట్టుకొని వేలాడుతున్నారని నా అభిప్రాయం. నా తోటి విద్యార్థులు ఎవరైనా ఇంటికి వస్తే ఆ పుస్తకం కనబడకుండా చాప కింద దాచేవాడిని.

1981వ సంవత్సరం జనవరిలో సంక్రాంతి సెలవులకు తాడేపల్లిగూడెం వెళ్లాను. మా మేనమామ అక్కడ ఒక ఉల్లిపాయల కొట్టులో గుమాస్తా. గూడెం ఉల్లి వ్యాపారానికి పేరుపొందిన ఊరు. బస్తాలు దిగే చోట ఘాటుకు కళ్లు మండుతుండగా, మామయ్య మాత్రం చెక్క పెట్టె ముందు కూర్చొని చిట్టా, ఆవర్జా ముత్యాలవంటి తెలుగు అక్షరాలతో వ్రాస్తుండేవాడు. ఎర్ర సిరాతో గీతలు, అక్షర క్రమంలో పేర్లు, పేజీ అడుగున మొత్తాలు. అప్పటికి నేను బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థిని. పద్దు ఎలా ఉండాలో ఆ పుస్తకాన్ని చూసి తెలుసుకున్నానని పొంగిపోయాను. ఇంటికి తిరిగి రాగానే, "అబ్బా, మీ లెక్కలన్నీ నేను తెలుగులో తిరగ వ్రాస్తాను" అన్నాను.

నాన్నగారు వెంటనే ఔననలేదు. "ఇప్పుడు దానికి లోటేమిటి?" అన్నారు.

"మీరు లేనప్పుడు ఎవరైనా చూడాలంటే?"

ఆయన కొంతసేపు ఆలోచించి, "సరే, నీ ముచ్చట" అన్నారు. పది రాత్రులు లాంతరు ముందు కూర్చున్నాము. ఆయన చదువుతూ ఉంటే నేను వ్రాశాను. 43 ఇళ్ల ఖాతాలు. పేరు, ఊరు, ఏ సరుకు, ఏ నెల, ఇచ్చినది, రావలసినది. అక్కడక్కడ ఆయన ఆగేవారు. ఒక చోట, "పేర్లు పూర్తిగా వ్రాయాలా?" అని అడిగారు. "పేరు లేని ఖాతా ఏమి ఖాతా అబ్బా!" అని నేను నవ్వాను. మా ఉపాధ్యాయులు చెప్పిన సూత్రమొకటి అప్పజెప్పాను కూడా. ఆయన మారుపలకలేదు. చదివి వినిపించారు.

ఆ ఫిబ్రవరి నెలాఖరున నేనూ ఆయన వెంట బయలుదేరాను. ఫాల్గుణ మాసంలో కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తిరునాళ్లు జరుగుతాయి. దానికి ముందు లంకలలో కొత్త బట్టలు కొనుక్కోని ఇల్లు ఉండదు. అది నాన్నగారికి పెద్ద అదను. సాయంకాలం ఏలూరు నుండి సరస్సు అంచుకు చేరి పడవ ఎక్కాము. పడవ నడిపేవాడు ఎప్పుడూ నాన్నగారిని తీసుకువెళ్లే ముసలివాడు. గాలి ఉన్నంతసేపు చిన్న తెరచాప, గాలి లేనప్పుడు గడ. నీరు తగ్గుముఖం పట్టినందువల్ల దారి పొడుగునా కిక్కిస దుబ్బులు తలలెత్తి ఉన్నాయి. గుర్రపు డెక్క అల్లుకుపోయిన చోట అతడు నీళ్లలోకి దిగి పడవను నెట్టవలసి వచ్చింది. రాత్రి దూరాన వేటగాళ్ల దీపాలు నీటి మీద కదులుతూ ఉన్నాయి. నాన్నగారు మూటకు ఆనుకొని నిద్రపోయారు. నేను మాత్రం నా కొత్త పుస్తకాన్ని తడవకుండా చొక్కా లోపల పెట్టుకొని మేలుకొని ఉన్నాను.

తెల్లవారుతుండగా నీటి మీద పొగమంచు లేచింది. గూడబాతులు బారులు కట్టి తల మీదుగా పోయినాయి. అవి ఎగురుతుంటే రెక్కల చప్పుడు వినబడుతుందని నాకు అంతవరకు తెలియదు. కాసేపటికి కొబ్బరి చెట్ల తలలు, తరువాత తాటాకు కప్పులు, తరువాత గట్టున కట్టివేసిన తాటి దోనెలు కనబడ్డాయి. పడవ ముక్కు బురదలో దిగింది. నేను కూడా ఒక పరాయి రేవులో దిగాను.

ఆ ఉదయం ఎంత ఉల్లాసంగా గడిచిందో చెప్పలేను. మగవారిలో చాలామంది రాత్రి వేటకు పోయి ఇంకా రాలేదు. కొందరు వెదురు మావులను గట్టుకు తెచ్చి విరిగిన పుల్లలు మార్చుతున్నారు. ఆడవారు కొరమీనులను, జెల్లలను వేరుచేసి గంపలకెత్తుతున్నారు. బాతులు ఇళ్ల నడుమ పెత్తనం చేస్తున్నాయి. పిల్లలంతా మా వెంటబడి, "సాయిబుగారొచ్చారు, సాయిబుగారొచ్చారు" అని ఊరంతా చాటారు. ఒక పెద్దమనిషి ఇంటి అరుగు మీద నాన్నగారు దుప్పటి పరచి మూట విప్పారు. ఆ ఇంటివారు మాకు చెంబుతో మజ్జిగ ఇచ్చారు.

నాన్నగారి వ్యాపారం నేను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. చీర ఎంచుకున్న తరువాత పాత బాకీ మాట వచ్చేది. ఆయన ఎన్నడూ మొత్తం పైకి చెప్పేవారు కాదు. "నీకు తెలుసు కదమ్మా" అనేవారు. ఆమె దగ్గరకు వచ్చి తనకు గుర్తున్న లెక్క మెల్లగా చెప్పేది. ఆయన ఎర్ర అట్ట పుస్తకం తెరచి చూసి తల ఊపేవారు. తేడా వస్తే చీర మడత సర్దే నెపంతో వంగి, ఆమెకొక్కతెకే వినబడేటట్లు చెప్పేవారు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని బేరమాడే పద్ధతి మీరు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే. నాకది చాదస్తంగా కనబడింది. నా పుస్తకం తెరిస్తే అర నిమిషంలో తేలే సంగతికి ఇంత గుసగుస ఎందుకని విసుక్కున్నాను. ఆయన నా పుస్తకాన్ని ఒక్కసారి కూడా తెరవకపోవడం నాకు కష్టం కలిగించింది. నలుగురికీ కనబడేటట్లు దానిని చీరల ప్రక్కన పెట్టాను.

మధ్యాహ్నమయింది. నాన్నగారు పుస్తకం చంకన పెట్టుకొని రేవుకు వెళ్లి, వజూ చేసుకొని, చెట్టు నీడన నమాజుకు నిలబడ్డారు. మూట దగ్గర నన్ను ఉండమన్నారు. నేను కొంతసేపు ఉన్నాను. ఇంతలో వేటకు పోయిన దోనెలు వచ్చాయి. ఒక దోనెలో మనిషి చేయంత పొడుగున్న వాలుగ ఉన్నదని పిల్లలు అరిచారు. దానిని చూడాలని నేను కూడా గట్టుకు పరుగెత్తాను. మూటకు ఏమీ కాదని తెలుసు. ఆ ఊళ్లో నాన్నగారి సరుకు మీద చేయివేసేవాడు లేడు. పుస్తకం సంగతి నా మనసుకే రాలేదు.

తిరిగి వచ్చేసరికి అరుగు మీద పది పన్నెండేళ్ల కుర్రవాడు ఒకడు కూర్చొని నా పుస్తకం పెద్దగా చదువుతున్నాడు. బడిలో చదువుకుంటున్నవాడు. తనకు తెలుగు చదవడం వచ్చునని చుట్టూ చేరిన వారికి చూపించాలని వాడి సంబరం. వాచకంలోని పాఠం చదివినట్లు, పేరు, సరుకు, బాకీ, తడబాటు లేకుండా చదువుతున్నాడు. నా దస్తూరి అంత స్పష్టంగా ఉన్నది మరి! మొదట పిల్లలు నవ్వారు. తరువాత ఎవరి పేరు వస్తుందోనని పెద్దవారు ఆగి వినడం మొదలుపెట్టారు. నేను గుంపును తోసుకొని వెళ్లేలోపల వాడు ఒక ఇల్లాలి పేరు చదివి, "రావలసినది 320 రూపాయలు" అన్నాడు.

ఆ ఇల్లు ఎదురుగానే ఉన్నది. ఆ ఇంటి పందిరి కింద మంచాల మీద పరాయి ఊరివారు నలుగురు కూర్చొని ఉన్నారు. ఆ ఇంటి రెండవ పిల్లను చూడడానికి వచ్చిన వరుని తరఫువారు వారు. ఈ సంగతి నాకు తెలియదు, చదివిన కుర్రవాడికీ తోచలేదు. వారిలో పెద్దవాడు తల తిప్పి విన్నాడు. తరువాత ఇంటి యజమాని వైపు చూసి, "అప్పూ సొప్పూ ఏమీ లేదన్నారే" అన్నాడు. గట్టిగా అనలేదు. కాని ఊరంతా విన్నట్లే అయింది. 1981లో 320 రూపాయలంటే ఆ ఇళ్లలో చిన్న మొత్తం కాదు. పైగా ఆ ముఖం చూస్తే ఇంటి యజమానికే ఆ లెక్క తెలియదని స్పష్టమయింది.

నాన్నగారు నమాజు ముగించుకొని వస్తూ ఆ మాట విన్నారు. కుర్రవాడి చేతిలోని పుస్తకం తీసుకొని మూశారు. వాడిని కోప్పడలేదు. పందిరి దగ్గరకు వెళ్లి చేతులు జోడించి ఇలా అన్నారు: "పెద్దలు మన్నించాలి. ఇది మా కుర్రవాడు ముచ్చటపడి వ్రాసుకున్న పుస్తకం. నా వ్యాపారం పుస్తకం ఇది. ఇందులో ఏమున్నదో నాకూ ఆ పైవాడికీ తెలుసు. ఎవరడిగినా చదివి వినిపించను."

"అయితే ఈ కుర్రవాడు చదివిన లెక్క అబద్ధమా?" అని ఆ పెద్దమనిషి అడిగాడు.

నాన్నగారు మాట్లాడలేదు. అబద్ధమని ఒక్క మాట అంటే ఆ క్షణానికి అంతా సర్దుకుపోయి ఉండేది. ఆ మాట ఆయన నోట రాదు. నిజమని అనడానికీ ఆయన సిద్ధంగా లేరు. ఎర్ర అట్ట పుస్తకాన్ని గుండెకు ఆనించుకొని నిలబడిపోయారు. నా జీవితంలో అంత పొడుగైన నిమిషం మరొకటి లేదు.

అప్పుడు ఆ ఇల్లాలు లోపలి నుండి బయటకు వచ్చింది. తల మీద కొంగు సర్దుకొని, "సాయిబుగారిని అడగకండి. అబద్ధం కాదు. పెద్దదాని పెళ్లి బట్టలవి. మూడు వందల ఇరవై బాకీ ఉన్నాను. నేనే తీరుస్తాను" అన్నది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె భర్త వైపు గాని, వచ్చినవారి వైపు గాని చూడలేదు. నా వైపు చూసింది. అందులో కోపం ఉన్నా బాగుండేది.

వచ్చినవారు మరికొంతసేపు కూర్చొని, మంచినీళ్లు పుచ్చుకొని, కబురు చేస్తామని లేచారు. ఆ తరువాత మా అరుగు దగ్గరకు ఒక్కరూ రాలేదు. పొద్దున చీర తీసుకున్న ఒకామె దానిని మడత విప్పకుండా పిల్లవాడి చేత తిరిగి పంపించింది. నాన్నగారు దానిని తీసుకొని మూటలో పెట్టారు. ఏదీ జరగనట్లు పిల్లలకు బెల్లం ముక్కలు పంచారు. చదివిన కుర్రవాడికి కూడా ఒక ముక్క ఇచ్చి, "బాగా చదువుతావు. నీవు వ్రాసిన ఉత్తరం గాని, నీకు వచ్చిన ఉత్తరం గాని కానిది మాత్రం పైకి చదవకు" అన్నారు. ఆ మాట వాడికి చెప్పినది కాదని నాకు తెలుసు.

పొద్దుగూకే వేళకు పడవ కదిలింది. సరస్సు అంతా రాగిరేకు వలె మెరుస్తున్నది. చాలాసేపటికి నేను, "అబ్బా, మీకు తెలుగు చదవడం వచ్చునా?" అని అడిగాను.

"వచ్చు. వ్రాయడమూ వచ్చు. నీ దస్తూరి అంత బాగుండదు" అన్నారు.

"మరి లెక్కలు ఉర్దూలో ఎందుకు వ్రాస్తారు?"

"మా నాన్న మొదట నాకు చెప్పిన మాట ఒకటే. మనం వాళ్ల ఇంట్లోకి చీర తీసుకువెళతాము, వాళ్ల గుట్టు తీసుకువస్తాము. చీర వాళ్లది, గుట్టు అమానతు. ఈ పుస్తకం ఎక్కడైనా జారి పడిపోయినా లంకలో ఎవరూ చదవలేరు. అందుకు."

అంతకంటే ఆయన మరేమీ అనలేదు. నన్ను మందలించి ఉంటే నేను ఏదో ఒక సమాధానం వెదుక్కునేవాడిని. పడవవాడు గడ వేసే చప్పుడు తప్ప తెల్లవారే వరకు మరే మాటా లేదు.

ఆ సంబంధం తప్పిపోయిందని తరువాత తెలిసింది. నా వల్లనే తప్పిందా, మరే కారణం చేతనైనా తప్పి ఉండేదా అని నేను చాలాసార్లు తర్కించుకున్నాను. ఆ తర్కం వల్ల నా మనసు తేలికపడలేదు. ఉగాది రాకముందే పడవవాడు ఒక గుడ్డమూట తెచ్చి ఇచ్చాడు. అందులో 320 రూపాయలున్నాయి. పాడిగేదెను అమ్మి ఆమె ఒకేసారి పంపించింది. ఏ వ్యాపారికైనా బాకీ మొత్తం ఒక్కసారిగా చేతికి రావడం పండుగ. నాన్నగారు ఆ నోట్లను ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నారు. ఎర్ర అట్ట పుస్తకంలో ఆమె పేరు కింద 'బేబాకీ' అని వ్రాస్తూ, "ఇక ఆ ఇంటికి మనతో పనిలేదు" అన్నారు. బాకీ తీరితే బంధం తెగుతుందని, అప్పు ఇవ్వడానికే కాదు, అప్పు పెట్టడానికి కూడా నమ్మకం కావాలని ఏ వాణిజ్య గ్రంథంలోనూ నేను చదవలేదు.

ఆ వేసవి సెలవులలో నేను నాన్నగారి ముందు పలక పట్టుకొని కూర్చున్నాను. అలిఫ్ నుండి మొదలుపెట్టి ఉర్దూ లిపి సరిగా నేర్చుకున్నాను. తరువాత సియాఖ్ గుర్తులు కూడా. బి.కాం. పరీక్షల కంటె అది కష్టమయింది. నాన్నగారు ఆ లంకకు వెళ్లడం మానలేదు. ఆ ఇంటి ముందు నుండి పోయేటప్పుడు ఒక్క క్షణం ఆగేవారట గాని పిలిచేవారు కారు. ఆ పిల్లకు మరుసటి సంవత్సరం వేరొక సంబంధం కుదిరింది. పెళ్లి బట్టలు బజారులో కొనుక్కున్నారు.

1984లో తిరునాళ్లకు ముందు నేను మరల నాన్నగారితో వెళ్లాను. ఆ ఇంటి ముందు మామూలుగానే ఆగాము. లోపలి నుండి ఆమె, "సాయిబుగారూ, కాస్త ఆగండి" అని పిలిచింది. పురిటికి వచ్చిన కూతురికోసం ఒక చీర, పసిబిడ్డకు గుడ్డ కావాలన్నది. చీర ధర 58 రూపాయలు. ఆమె కొంగున డబ్బు ఉన్నదో లేదో నాకు తెలియదు. "ఇది ఖాతాలో వ్రాయండి" అన్నది. నాన్నగారు పుస్తకాన్ని తెరచి, కలాన్ని నా చేతికి ఇచ్చారు. ఆమె పేరు కుడి నుండి ఎడమకు నేను వ్రాశాను. చేయి వణికి ఆ అక్షరాలు వంకరగా పడ్డాయి. ఆమె పుస్తకంలోకి తొంగి చూసి, "చిన్న సాయిబుగారికి కూడా ఈ చీమల రాత వచ్చిందే" అన్నది. ఆమె నవ్విందని చెప్పలేను గాని, నా వైపు చూసింది.

విద్యార్థి మిత్రులారా! ఇది ఉర్దూ గొప్పదని, తెలుగు తక్కువదని చెప్పే కథ అనుకోవద్దు. తెలుగు నాకు అన్నం పెట్టిన భాష. ఈ వ్యాసం కూడా తెలుగులోనే వ్రాస్తున్నాను. ఆ పగలు తప్పుచేసినది అక్షరాలు కావు, ఆ పసివాడూ కాదు. ఎవరి సంగతి ఎవరి ఎదుట ఉంచవలెనో ఆలోచించకుండా, నా చక్కని దస్తూరిని నలుగురికీ చూపించుకోవాలని ఆశపడిన నేను. మన కళాశాలలో రెండు లిపులు నేర్చుకునే భాగ్యం మీకు కలిగింది. ఒక లిపి నలుగురికీ చెప్పవలసినది చెప్పడానికి, మరొకటి ఇంటి గుట్టు కాపాడడానికి అని నేను విభజించను. ఏ లిపిలోనైనా ఈ రెండు పనులూ చేయవచ్చును. ఏ పని ఎప్పుడు చేయవలెనో తెలియడమే విద్య.

నాన్నగారు ఇప్పుడు లేరు. ఆ కొల్లేరూ అలాగే లేదు. 1970ల దశకం నుండి చేపల చెరువుల గట్లు లేచి, నీటి దారులను ముక్కలు చేశాయి. 1999లో సరస్సును అయిదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో దానికి స్థానం లభించింది. 2006లో ప్రభుత్వం సంరక్షణ పరిధిలోని చెరువుల గట్లను తెగగొట్టించింది. సరస్సుకు ఊపిరి రావాలని కొందరు, బ్రతుకుతెరువు పోయిందని కొందరు. ఈ రెండు మాటలూ లంకలలో నేను విన్నాను. రెండింటిలోనూ నిజమున్నది. పత్రికలలో ఆ వార్తలు చదివినప్పుడల్లా నాకు 43 ఇళ్లే గుర్తుకు వచ్చేవి. ఎంత మందికి ఎంత నష్టమన్నది పట్టికలు వేసి అచ్చువేశారు. ఆ అంకెల వెనుక ఒక్కొక్క ఇంటి గుట్టు ఉంటుందని పట్టిక వ్రాసినవారికి తెలిసి ఉంటుందా అనుకునేవాడిని.

మా ఇంట్లో ఒక రేకు పెట్టెలో ఇప్పటికీ రెండు పుస్తకాలున్నాయి. ఒకటి ఎర్ర అట్టది, రెండవది నా ముత్యాల దస్తూరిది. ఎర్ర పుస్తకంలో 'బేబాకీ' కాని ఖాతాలు కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని చదవడం నాకు ఇప్పుడు బాగా వచ్చును. ఎవరికీ చదివి వినిపించలేదు.

అయ్యా, నన్ను అడిగిన విద్యార్థీ! నీ ప్రశ్నకు ఆలస్యంగానైనా ఇదే నా సమాధానం. అవును, నేను ఒకసారి పరాయి రేవులో దిగాను. దిగినప్పుడు ఆ ఊరు నాకు పరాయిది. సాయంకాలం పడవ ఎక్కేసరికి ఆ ఊరికి నేను పరాయివాడినయినాను. మళ్లీ అక్కడ దిగడానికి నాకు మూడు సంవత్సరాలు పట్టింది.